మెడ మూసిన చొక్కా

మెడలు కొలవడం నా పని. జగ్గయ్యపేట బజారులో కొట్టు పెట్టినప్పటినుంచీ ఎన్ని మెడల చుట్టూ టేపు తిప్పానో చెప్పలేను. కాలరు కొలిచేటప్పుడు టేపుకీ చర్మానికీ మధ్య ఒక వేలు దూర్చి పెడతాం. ఆ వేలు సందు వదలకపోతే చొక్కా గొంతు పట్టేస్తుంది. నా జబ్బు సంగతి మొదట తెలిసింది ఆ వేలికే.

1957లో, ఈస్టరుకి నాకొక చొక్కా కుట్టుకుందామని నా మెడ నేనే కొలుచుకుంటున్నాను. కుడి దవడ మూల కింద చింతగింజంత గట్టిది ఏదో వేలి కొసకి తగిలింది. నొక్కితే నొప్పి లేదు. అటూ ఇటూ జారుతోంది. ఎడమ పక్క తడిమి చూశాను, అక్కడ లేదు. నొప్పి లేనిది జబ్బు కాదనుకుని టేపు చుట్టి పక్కన పెట్టాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఇంట్లో మా అమ్మ, నా భార్య సలోమి, నాలుగేళ్ళ పాప గ్రేసు.

ఎండలు ముదిరేసరికి అది ఉసిరికాయంత అయింది. దాని కింద ఇంకొకటి, పక్కన మరొకటి లేచాయి. పొద్దు వాలేసరికి ఒళ్ళు సన్నగా వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. ఒకరోజు నేను తల దువ్వుకుంటుంటే మా అమ్మ చూసి, చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఒరే దానియేలూ, ఇటు తిరుగు. ఎన్నాళ్ళయింది రా ఇది? గండమాల్రా ఇది!"

ఆ మాట మావాళ్ళు గట్టిగా అనరు. అంటే ఇంట్లోకి వస్తుందని భయం. మెడ చుట్టూ బిళ్ళలు దండలా కట్టి, పగిలి, కారుతూ ఉన్న మనుషుల్ని నేనూ చిన్నప్పుడు చూశాను. వాళ్ళని పెళ్ళిళ్ళలో పంక్తి చివర కూర్చోబెట్టేవారు. వత్సవాయి దగ్గర ఒకాయన జీడి పెడతాడని అమ్మ చెప్పింది. జీడిగింజ కాల్చి, కారిన రసంతో బిళ్ళ చుట్టూ చుక్కలు పెడితే అణిగిపోతుందని మావైపు నమ్మకం. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి, ఆ నమ్మకం నాకు లేదు. అయినా వెళ్ళాను. ఆసుపత్రికి వెళితే జబ్బుకి ఒక పేరు పెడతారు. జీడి పెట్టించుకుంటే ఏ పేరూ ఉండదు. నాకు కావలసింది అదే.

మర్నాటికి మెడంతా పొక్కింది. బిళ్ళ అణగలేదు గాని దాని మీది తోలు ఊడింది. అది దాచడానికి మెడ మూసిన చొక్కా ఒకటి కుట్టుకున్నాను. పేట ఎండల్లో, జనం బనీన్లు కూడా విప్పేసి అరుగుల మీద కూర్చునే రోజుల్లో, గొంతు దాకా గుండీలు, లోపల కాన్వాసు వేసిన నిలువు కాలరు. మునసబు గారి తమ్ముడు కొట్టు మెట్టెక్కుతూనే నవ్వాడు.

"ఏం దానియేలూ, మళ్ళీ పెళ్ళికొడుకువవుతున్నావా?"

"కొత్త ఫ్యాషనండి. బెజవాడలో అందరూ ఇదే వేస్తున్నారండి."

"అట్లాగా? అయితే నాకూ ఒకటి పడెయ్."

ఆ వేసవిలో నా అబద్ధం పుణ్యమా అని పేటలో కొందరు పెద్దమనుషులు గొంతులు బిగించుకుని చెమటలు కక్కుతూ తిరిగారు. అప్పుడు నాకది నవ్వులాటగానే ఉంది.

నన్ను ఆసుపత్రికి నడిపించింది సలోమి. తొలకరి పడ్డాక ఒక పొద్దున ఆ చొక్కా తెచ్చి నా ముందు పరిచింది. కాలరు లోపల పసుప్పచ్చ మరక.

"ఊరందరి దగ్గరా దాచుకోండి. ఉతికేదాన్ని నేను కదా, నా దగ్గర దాస్తారేంటండీ?"

"తగ్గిపోతుందిలే."

"తగ్గేది ఇట్టా కారదు. లేవండి, నందిగామ పోదాం."

నందిగామ ఆసుపత్రి వరండాలో రెండు బల్లలు ఉండేవి. ఒకటి మామూలు జ్వరాలవాళ్ళకి. రెండోది చివర, గోడ వారగా, మా బోటివాళ్ళకి. అది ఎవరూ రాసి పెట్టింది కాదు, జనమే అలా సర్దుకుని కూర్చునేవారు. నేను మొదటి బల్ల మీద కూర్చోబోతే ఒకావిడ పిలిచింది. చెవి కింద కట్టు, నోట్లో పొగాకు. ముక్త్యాల నుంచి వచ్చే కూలిమనిషి, పేరు నాగమ్మ.

"ఇటు రా అన్నా, ఇటు. నీ కాలరు చూస్తేనే తెలుస్తా ఉంది నువ్వు ఈ బల్లోడివని."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సలోమి మాత్రం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, నాకు చోటు చూపించింది.

డాక్టరు గారు పెద్దాయన. ఒక బిళ్ళ తీసి పరీక్షకి పంపించారు. ఫలితం వచ్చిన రోజున "ఇది క్షయ" అని మామూలు గొంతుతో చెప్పారు. క్షయ అంటే దగ్గి దగ్గి రక్తం కక్కేదే అనుకునేవాణ్ణి. మెడలో క్షయ ఏమిటో అర్థం కాలేదు. నా మొహం చూసి ఆయన బల్ల మీది నీలం పెన్సిలు తీశారు.

"దర్జీవి కదా, గీస్తే నీకు తెలుస్తుంది. అద్దంలో చూడు. ఈ బిళ్ళలు ఇప్పుడు పుట్టినవి కావయ్యా. అందరి మెడల్లోనూ ఉంటాయి. చిన్న చిన్న గింజలు, వేలికి దొరకవు. లింఫు గ్రంథులంటాం. ఒంట్లో ఊరే నీరు సన్న కాలవల్లో వీటి గుండా పోతుంది. అందులో కొట్టుకొచ్చే విషాన్ని ఇవి పట్టుకుని ఆపుతాయి. వాటి శక్తికి మించితే వాస్తాయి."

నా మెడ మీద ఆయన గీతలు గీస్తూ పోయారు. గడ్డం కింద ఉన్నవాటికి కింది పెదవి నుంచీ నాలుక కొస నుంచీ వస్తుంది. దవడ కింది వాటికి పళ్ళ నుంచి, చిగుళ్ళ నుంచి. చెవి ముందు ఉన్నవి కంటిని, చెంపని చూసుకుంటాయి. చెవి వెనకవీ పెడతల కిందవీ తలలో పుట్టిన పుండుని. దవడ మూల కింద ఉన్నవాటికి గొంతు లోపలి నుంచి. చివరికి ఇవన్నీ మెడ పక్కన లోతుగా దిగే ఒక వరసలో కలుస్తాయి. తల పక్కకి తిప్పితే తాడులా తేలే కండ ఉంటుందే, దాని కింద ఆ వరస ఉంటుంది. ఆ తాడు వెంట పెన్సిలు భుజం ఎముక దాకా దిగింది.

"ఎక్కడ వాచిందో చూస్తే ఎక్కణ్ణించి వచ్చిందో సగం తెలిసిపోతుంది. నీకు గొంతులోంచి దిగింది. ఇదిగో, వరసలోకి కూడా వచ్చింది."

అన్నేళ్ళుగా నేను మెడలు పట్టుకుంటున్నాను. నాకు తెలిసిందల్లా గుడ్డ ఎక్కడ ముడత పడుతుందో, అంతే. లోపల ఇంత కాపలా ఉందని, అది అరవకుండా నొప్పి పెట్టకుండా వాచిపోయేదాకా పని చేస్తుందని తెలియదు. ఆ నీలం గీతలతోనే బస్సెక్కాను. సలోమి తన కొంగు తడిపి తుడవబోతే వద్దన్నాను.

వారంలో రెండు సూదులు, మంగళవారం, శుక్రవారం. రోజూ మాత్రలు. "తగ్గినట్టు కనపడుతుంది. తగ్గదు. నేను చెప్పేదాకా మానకు. ఏడాది పైన పడుతుంది," అన్నారు డాక్టరు గారు. సూది పడ్డ రోజు చెవుల్లో హోరు, దారం ఎక్కించని కుట్టుమిషను ఊరికే తిరుగుతున్నట్టు. నేల పక్కకి జరిగిపోయేది. ఒకసారి నందిగామ బస్సు దగ్గర తూలితే వెనక నుంచి నాగమ్మ రెక్క పట్టుకుంది. రోట్లో రోకలి వేసే చెయ్యి, వదలలేదు. కొంగులోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "వాసన చూసుకుంటా పో. చిల్లకల్లు దాటేదాకా కళ్ళు తెరవమాక." ఆ నిమ్మకాయ ఆవిడ తన కోసం తెచ్చుకున్నదని ఇంటికి చేరాక గాని తట్టలేదు.

వానలు వెనకబట్టేసరికి బిళ్ళలు తగ్గాయి. ఒకటి పూర్తిగా పోయింది. ఇక్కణ్ణించి చెప్పాల్సింది నా బుద్ధి గురించి.

మా గుడిలో ఆదివారం ఆరాధన చివర, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. అక్టోబరులో ఒక ఆదివారం నేను లేచాను. ఎవరూ లేవమనలేదు. మెడ గుండీలు విప్పి అందరికీ చూపించి, గండమాల నన్ను వదిలిపోయిందని, దేవుడు నన్ను స్వస్థపరిచాడని చెప్పాను. అమ్మలక్కలు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు నా తల మీద చెయ్యి వేశారు. అంత ఆనందం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

మంగళవారం పొద్దున బస్సు దగ్గరికి బయలుదేరితే దారిలో ఒక సంఘపెద్ద ఎదురయ్యాడు. "ఎక్కడికి దానియేలూ?" అన్నాడు. సూదికి అని నోరు రాలేదు. నయమైందని గుడి నిండా జనంలో చెప్పినవాణ్ణి, సూదికి పోతున్నానని ఎలా చెప్పను? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది దేవుడి మీద భక్తి కాదు, నా మాట పోతుందన్న బెంగ. "దారాలు కొనడానికి," అని చెప్పి వెనక్కి మళ్ళి కొట్టుకి పోయాను. శుక్రవారమూ అంతే. ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలూ దాంతో ఆగిపోయాయి. ఆ తర్వాత క్రిస్మసు బట్టలు మీద పడ్డాయి. సాకు దొరికింది.

సలోమికి చెప్పలేదు. ఆమె మంగళ, శుక్రవారాలు పొద్దున్నే లేచి వండి, క్యారేజీ కట్టి ఇచ్చేది. సూది పడ్డవాడికి బలం ఉండాలని గుడ్డు ఒకటి అందులో పెట్టేది. నేను బస్సుకని బయలుదేరి, సందుల్లోంచి కొట్టుకి చేరి, తలుపు సగం వేసుకుని కుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. సాయంత్రం నీరసం నటిస్తూ ఇల్లు చేరేవాణ్ణి. ఆమె కాళ్ళు పట్టేది. పట్టించుకున్నాను. ఇది రాయడానికి కలం ఆగిపోతోంది, కాని ఇది దాటేస్తే మిగతాది రాయడం దండగ.

కొత్త సంవత్సరం వచ్చాక బిళ్ళలు తిరిగి లేచాయి. ఈసారి విడివిడిగా లేవు, ఒకదానికొకటి అతుక్కుని గడ్డలా అయ్యాయి. మళ్ళీ మెడ మూసిన చొక్కా తీశాను. చలికాలం కాబట్టి ఎవరూ అడగలేదు.

1958, ఈస్టరు ముందటి శ్రమల దినాలు. మంగళవారం. సలోమి గ్రేసుకి జడ వేస్తుంటే, పెడతల కింద వేలికి ఏదో తగిలింది. పాప "నొప్పమ్మా" అంది. సలోమికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నేను నందిగామలో ఉంటానని, బస్సెక్కితే అక్కడే డాక్టరుకి చూపించవచ్చని పాపని చంకనేసుకుని బజారుకి వచ్చింది. దారిలో మా కొట్టు. తలుపు సగమే వేసి ఉంది. ఎవరో ఉన్నారని తలుపు తోసింది.

నేను కత్తిరింపు బల్ల మీద క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాను. కోడిగుడ్డు చేతిలో ఉంది.

ఆమె క్యారేజీ వంక చూసింది. నా కాలరు వంక చూసింది. లోపలికి వచ్చి, నా ఎంగిలి చెయ్యి తన కొంగుతో తుడిచి, ఆ వేళ్ళు తీసుకెళ్ళి పాప పెడతల కింద పెట్టింది.

"మీరే చూడండి. మెడలు కొలిచేవారు కదా."

బఠాణీ గింజంత ఉంది. జారుతోంది. సరిగ్గా నా మొదటిదానిలాగే.

బస్సులో పాప కిటికీలోంచి గొర్రెలని చూసి నవ్వుతోంది. సలోమి ముందుకే చూస్తూ ఒకే ఒక్కటి అడిగింది.

"నేను కట్టిన అన్నం, ఇన్నాళ్ళూ ఆ కొట్లోనే కూర్చుని తిన్నారా?"

"ఆఁ."

నేను పాప అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ బిడ్డ నోట్లో నా ఎంగిలి ముద్దలు ఎన్ని పెట్టాను, నా మెడ మీద తల పెట్టుకుని ఎన్నిసార్లు నిద్రపోయింది అని అదే తలపు. నా జబ్బు నన్ను ఏం చేసినా సరే, దీనికి మాత్రం వద్దని ప్రార్థించబోయాను. పెదాలు కదలలేదు. కిందటిసారి గుడిలో గట్టిగా వాగిన నోరది.

గోడ వార బల్ల మీద నాగమ్మ ఉంది. నన్ను చూసి "వచ్చావా తప్పిపోయిన గొర్రే" అనబోయి, పాపని చూసి ఆగిపోయింది. లేచి సలోమికి చోటిచ్చింది. తన వంతు వస్తే మమ్మల్ని ముందు పంపింది.

డాక్టరు గారు నన్ను పలకరించలేదు. పాప మెడ తడిమారు. జడ విప్పమన్నారు. జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూశారు.

"తల గోక్కుంటుందా అమ్మా?"

"గోక్కుంటుందండి. పిల్లలు కదండి."

ఆయన నా వైపు తిరిగారు. "నీ మెడ మీద గీతలు గీశాను, గుర్తుందా? ఇది ఎక్కడ వాచింది?"

"పెడతల కిందండి."

"అక్కడికి ఎక్కణ్ణించి వస్తుంది?"

"తలలోంచండి."

"మరి చూడు." వెంట్రుకల మధ్య గోకి గోకి చితికిన పుండ్లు చూపించారు. "పేలు. పుండ్లు చీము పట్టాయి. దానికి వాచింది. తల శుభ్రం చేసి మందు రాస్తే ఇది అణిగిపోతుంది. అణగకపోతే మళ్ళీ తీసుకురండి. అణుగుతుంది."

నేను పాప తల మీద చెయ్యి వేశాను. సలోమి మాత్రం గయ్యిమంది.

"నా బిడ్డ తల్లో పేలా? వారం వారం కుంకుళ్ళతో రుద్దుతానండి!"

తలుపు దగ్గర నాగమ్మ గొంతు వినపడింది. "పేలే కదమ్మా, ఏనుగులు కాదుగా. దువ్వెనకి వచ్చే జబ్బు ఇచ్చాడు దేవుడు, సంతోషించు." అప్పుడు సలోమి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పాప తల ఒళ్ళో దాచుకుని ఏడ్చింది.

"నువ్విక గుండీలు విప్పు," అన్నారు డాక్టరు గారు నాతో.

విప్పాను. సలోమి చూసింది. నెలల తరబడి నేను చూడనివ్వని మెడ. గడ్డ ఎర్రబడి, పగలడానికి సిద్ధంగా ఉంది. ఎందుకు మానేశావని ఆయన అడిగారు. సాక్ష్యం సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"పాపకి నా వల్ల రాదా అండి?" అని అడిగాను.

"మెడలో ఉన్నది మామూలుగా పక్కవాళ్ళకి అంటదు. ఊపిరితిత్తులకి దిగితే అంటుంది. ఇట్లా మానేసి కూర్చుంటే దిగదని నేను మాటివ్వలేను."

ఆ రోజే గడ్డ కోశారు. మళ్ళీ మొదటి నుంచి సూదులు.

ఆ రోజు నుంచి మంగళవారం, శుక్రవారం సలోమి నాతోనే బస్సెక్కేది. పాపని అమ్మ దగ్గర వదిలి, క్యారేజీ తన చేత్తోనే పట్టుకుని వచ్చేది. సూది పడ్డాక వరండాలో నా ఎదుటే విప్పేది. తిట్టలేదు, దెప్పలేదు. నేనేదైనా చెబితే విని "ఊఁ" అనేది, నమ్మినట్టు కాదు. తలుపు గడియ పెట్టారా అంటే పెట్టానని చెప్పినా లేచి వెళ్ళి చూసేది. ఆదివారం గుడికి బయలుదేరే ముందు నన్ను వెలుగులో నిలబెట్టి, గుండీలు పెట్టుకోకముందే దవడ మూల నుంచి భుజం ఎముక దాకా వేళ్ళతో తడిమేది. నా మాటకి బదులు నా మెడని అడిగేది.

పాప బిళ్ళ ఎండలు రాకముందే అణిగిపోయింది. నాది మానడానికి ఆ ఏడాదీ, మరుసటి ఏడాది చాలా భాగమూ పట్టింది. కుడి చెవి ఇప్పటికీ కొంచెం మందం. సూది వల్లనో, ఆలస్యం వల్లనో నేను అడగలేదు. నాగమ్మకి నాకంటే ముందే నయమైంది. ఒకసారి పేట వచ్చి నా దగ్గర జాకెట్టు కుట్టించుకుంది. "నీ మెడ కుట్లు ఆ డాక్టరు కంటే నువ్వే బాగా వేసుకునేవాడివి," అని నా మచ్చ చూసి పోయింది.

1959లో గుడి కోత పండుగనాడు, సాక్ష్యాల వేళ, పాస్టరు గారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి సలోమి లేచింది. గుడిలో ఆమె నోరు తెరవడం నేనెన్నడూ చూడలేదు.

"నా భర్తకి మెడ నయమైందండి. డాక్టరు గారు సూదులు మానెయ్యమన్నారు, నా ఎదుటే అన్నారు. దేవునికి స్తోత్రం. మా ఆయన మాట మటుకు ఇంకా నయమవ్వాలి. మీరందరూ దాని కోసం ప్రార్థన చెయ్యండి."

గుడంతా నవ్వింది. పాస్టరు గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత లేచి, అక్టోబరు సాక్ష్యం సంగతి, కొట్లో తిన్న అన్నం సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. సంఘపెద్ద మాత్రం వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, "దారాలు దొరికాయా మరి?" అన్నాడు.

అప్పటినుంచి కాలరు కొలిచే వేలికి ఎవరి మెడలోనైనా గట్టిది తగిలితే నేను ఊరుకోను. నా గుండీలు విప్పి మచ్చ చూపిస్తాను. కొందరు కోపగించుకుని గుడ్డ వెనక్కి తీసుకుపోయారు. ఒకరిద్దరు నందిగామ వెళ్ళారు. అన్ని వాపులూ గండమాల కావు, మా పాపది కాలేదు. కాని అది చెప్పాల్సింది జీడి పెట్టేవాడు కాదు. తగ్గిందని చెప్పాల్సింది కూడా మనం కాదు.

ఇది రాస్తున్నది 1963లో. మొన్న ఆదివారం గుడి గంట కొట్టేశారు. గ్రేసు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. సలోమి కొంగు సర్దుకుంటూ "పదండి, పదండి" అంటోంది. నేను ప్రతి ఆదివారంలాగే గుండీలు విప్పుకుని వెలుగులోనే నిలబడి ఉన్నాను.

"మెడ చూడలేదు," అన్నాను.

ఆమె గడప దాటబోయి ఆగింది. "ఏమన్నా ఉందా?"

"లేదు."

"సరే, పదండి," అంది, వెనక్కి రాకుండానే.